డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు: వాడకం, మార్పుచేర్పులు, మరమ్మతు

కంప్యూటర్‌లోని యంత్రభాగాలకూ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ ఉండి పనంతా నడిపించే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. మెమరీని పంచడం, డిస్కు మీద ఫైళ్లకు చోటు చూపడం, కీబోర్డు, మౌస్, ప్రింటర్లను పనిచేయించడం, ఒకేసారి నడుస్తున్న ప్రోగ్రాములకు ప్రాసెసర్‌ను వంతులవారీగా అప్పగించడం దాని బాధ్యతలు. ఇళ్లలో, ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో బల్ల మీద పెట్టుకుని వాడే యంత్రాల కోసం తయారైనవి డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎమ్‌తో మొదలుపెడితే ఎంఎస్-డాస్, మెకింటోష్, అమీగా, ఓఎస్/2, విండోస్, లినక్స్‌ల మీదుగా ఈ వరస నేటికీ సాగుతోంది.

రూపురేఖలు ఎన్నిసార్లు మారినా ఈ యాభై ఏళ్లలో ఒక సంగతి నిలకడగా కనిపిస్తుంది. కొత్తగా వేసిన సిస్టమ్ సాధారణంగా సాఫీగానే నడుస్తుంది. తేడా వచ్చేది దానికి మనమో, వేరే కంపెనీయో ఏదైనా తగిలించిన చోట. అది సౌండ్ కార్డు డ్రైవరు కావచ్చు, యాంటీవైరస్ కావచ్చు, మెనూ రూపం మార్చే చిన్న ప్రోగ్రాము కావచ్చు. కాబట్టి సిస్టమ్‌ను మనకు నచ్చినట్టు మలుచుకునే దారి ఏదో, చెడినప్పుడు లోపలికి వెళ్లి బాగుచేసుకునే దారి కూడా అదే. డాస్‌లో ఎఫ్5, పాత మ్యాక్‌లో షిఫ్ట్, విండోస్‌లో సేఫ్ మోడ్, లినక్స్‌లో రికవరీ మోడ్ అని పేర్లు వేరైనా అన్నీ చేసేది ఒకటే. తగిలించినవన్నీ పక్కన పెట్టి మూల సిస్టమ్‌ను మాత్రమే లేపుతాయి. అలా లేస్తే తప్పు తగిలించినవాటిలో ఉంది. లేవకపోతే మూలంలోనో యంత్రంలోనో ఉంది. మరమ్మతు విద్య అంతా ఈ విభజన మీదే నిలబడింది.

యంత్రం లేచే క్రమం

పవర్ బటన్ నొక్కగానే ముందు మేలుకునేది మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేరు. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి సుమారు మూడు దశాబ్దాలు దీన్ని బయాస్ అన్నారు. ఇప్పటి యంత్రాల్లో ఆ చోట యూఈఎఫ్ఐ ఉంది, అయినా షాపుల్లో అందరూ బయాస్ అనే అంటారు. అది మెమరీని, ఇతర భాగాలను పరీక్షించి డిస్కు వైపు తిరుగుతుంది. పాత పద్ధతిలో డిస్కు మొదటి సెక్టరు మాస్టర్ బూట్ రికార్డు. దాని పరిమాణం 512 బైట్లు: 446 బైట్లు బూట్ కోడుకు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు. ఈ పట్టిక 2 టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా చూడలేదు, అందుకే యూఈఎఫ్ఐతో పాటు జీపీటీ అనే పెద్ద పట్టిక వచ్చింది. అక్కడి నుంచి బూట్ లోడరు, కెర్నెల్, డ్రైవర్లు, సర్వీసులు, లాగిన్, చివరకు డెస్క్‌టాప్.

ఈ వరస తెలిసినవారికి యంత్రం ఎక్కడ ఆగిందో చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. తెర నల్లగా ఉండి బీప్ శబ్దాలు వస్తున్నాయంటే గొడవ విండోస్‌ది కాదు. ర్యామ్ తీసి తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. సిస్టమ్ డిస్కు కనిపించలేదన్న మాట వస్తే, మరిచిపోయి వదిలేసిన పెన్‌డ్రైవ్ ఉందేమో, బయాస్‌లో బూట్ వరస మారిందేమో చూడాలి. కంపెనీ గుర్తు కనిపించి, చుక్కలు తిరిగి, అప్పుడు విండోస్ కూలిందని చెప్పే నీలితెర వస్తే డ్రైవర్ మీద అనుమానం. లాగిన్ అయ్యాక మాత్రమే ఇబ్బంది అంటే చాలాసార్లు అది ఒక్క యూజర్ ఖాతాకు చెందినది. కొత్త ఖాతా తెరిచి అందులో ప్రయత్నిస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఈ నాలుగింటిలో మొదటి రెండిటికీ ఓఎస్ మళ్లీ వేయడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. అయినా ఎక్కువగా జరిగేది అదే.

డాస్: 640 కిలోబైట్ల సంసారం

ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో పీసీ-డాస్‌తో వచ్చింది. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ రాసిన 86-డాస్‌ను మైక్రోసాఫ్ట్ కొని ఐబీఎంకు అందించింది, ఇతర కంపెనీల యంత్రాలకు ఎంఎస్-డాస్ పేరుతో అమ్ముకుంది. 1990లలో తెలుగునాట వీధివీధినా వెలసిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో మొదటి పాఠం డాస్ కమాండ్లే. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ ఆ తర్వాతే.

డాస్‌ను మలుచుకోవడమంటే రెండు టెక్స్ట్ ఫైళ్లను దిద్దుకోవడం. కాన్ఫిగ్.సిస్ డ్రైవర్లను ఎక్కిస్తుంది, ఆటోఎగ్జెక్.బ్యాట్ యంత్రం లేవగానే నడపాల్సిన కమాండ్లను నడుపుతుంది. ఈ రెండు ఫైళ్లను కుస్తీపట్టి సరిచేసుకోవలసి రావడానికి కారణం మెమరీ గీత. ఇంటెల్ 8088 ప్రాసెసర్ చూడగలిగింది మొత్తం 1 మెగాబైటు. అందులో పై 384 కిలోబైట్లను వీడియో కార్డు, బయాస్ వంటివాటికి కేటాయించగా ప్రోగ్రాములకు మిగిలింది 640 కిలోబైట్లు. తర్వాతి యంత్రాల్లో 4, 8 మెగాబైట్ల ర్యామ్ పెట్టినా డాస్ ప్రోగ్రాములకు ఆ గీత చెరగలేదు. మౌస్ డ్రైవరు కొంత తింటుంది, సీడీ డ్రైవరు కొంత తింటుంది, నెట్‌వర్క్ డ్రైవరు ఇంకొంత. యంత్రంలో బోలెడు ర్యామ్ ఉండగా మెమరీ చాలదని ప్రోగ్రాము మొండికేసేది.

1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5 దీనికి ఒక మార్గం చూపింది. హిమెమ్.సిస్ ఎక్కించి, డాస్=హై అని రాస్తే డాస్‌లో పెద్ద భాగం 640 గీత దాటి పైకి వెళ్లిపోతుంది. ఇఎమ్ఎమ్386 తోడైతే ఆ 384 కిలోబైట్లలో ఖాళీగా పడి ఉన్న జాగాల్లోకి డివైస్‌హై, లోడ్‌హై కమాండ్లతో డ్రైవర్లను సర్దవచ్చు. సర్దే వరస ముఖ్యం. పెద్ద డ్రైవరును ముందు ఎక్కిస్తేనే దానికి సరిపడే జాగా దొరుకుతుంది, చిన్నవి ముందు దూరితే జాగా ముక్కలైపోతుంది. మెమ్ కమాండు ఎవరు ఎంత తింటున్నారో చూపేది. దాన్ని చూస్తూ, లైన్లు కిందికీ మీదికీ మారుస్తూ, రీస్టార్ట్ చేస్తూ పది పదిహేను కిలోబైట్లు సంపాదించడం ఆనాటి నైపుణ్యం. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6 ఈ సర్దుబాటును తానే చేసే మెమ్‌మేకర్‌ను ఇచ్చింది. అంతకన్నా విలువైన కానుకలు రెండు మీటలు: ఎఫ్5 నొక్కితే రెండు ఫైళ్లనూ వదిలేసి డాస్ లేస్తుంది, ఎఫ్8 నొక్కితే ఒక్కో లైనుకూ అనుమతి అడుగుతుంది. ఏ లైను దగ్గర యంత్రం బిగుసుకుందో అక్కడే దొంగ దొరికేవాడు.

సౌండ్ కార్డు పెట్టడం మరో పరీక్ష. ప్రతి పరికరం ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక ఐఆర్‌క్యూ నంబరు వాడుతుంది. ప్రింటర్ పోర్టుది 7. సౌండ్ కార్డుకు కూడా 7 ఇస్తే రెండూ పోట్లాడుకుంటాయి. కార్డు మీది జంపరు పీకి 5కు మార్చి, ఆటోఎగ్జెక్‌లో సెట్ బ్లాస్టర్ లైనులోనూ అదే నంబరు రాయాలి. ఇనుములో ఒక అంకె, ఫైలులో ఒక అంకె ఉంటే పాట రాదు. 1995 తర్వాత ప్లగ్ అండ్ ప్లే వచ్చి ఈ పనిని సిస్టమే తలకెత్తుకుంది.

మెకింటోష్

1984 జనవరి 24న యాపిల్ విడుదల చేసిన మెకింటోష్, జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పుట్టిన కిటికీలు, బొమ్మలు, మౌస్‌ల పద్ధతిని సామాన్యుల బల్ల మీదికి తెచ్చింది. కమాండ్లు టైపు చేయనక్కర్లేదు. అయితే ఒక ప్రోగ్రాము మెమరీలోకి మరొకటి చొరబడకుండా ఆపే అడ్డుగోడ పాత మ్యాక్‌లో లేదు, ప్రాసెసర్‌ను ప్రోగ్రాములు మర్యాదగా తమంతట తామే ఒకదానికొకటి వదలాలి. ఒకటి వదలకపోతే అన్నీ ఆగిపోతాయి.

దాన్ని మలుచుకోవడానికి కేంద్రం ఎక్స్‌టెన్షన్లు. 1991లో వచ్చిన సిస్టమ్ 7లో వీటికి ప్రత్యేకమైన ఫోల్డరే ఉంది. అందులో ఫైలు పడేసి రీస్టార్ట్ చేస్తే సిస్టమ్‌కు కొత్త గుణం వచ్చేది: మెనూలో గడియారం, కొత్త రకం ప్రింటర్, ఇంకో భాష. రెసెడిట్ అనే పనిముట్టుతో మెనూల్లోని మాటల్ని, బొమ్మల్ని, కీబోర్డు మీటల్ని కూడా దిద్దుకునేవారు. అంత స్వేచ్ఛకు తగ్గట్టే తగవులు వచ్చేవి. రెండు ఎక్స్‌టెన్షన్లు సిస్టమ్‌లోని ఒకే చోటును మార్చాలని చూస్తే తెర మీద బాంబు బొమ్మ ప్రత్యక్షం.

మరమ్మతు పద్ధతి మాత్రం చక్కనిది. షిఫ్ట్ నొక్కిపట్టి లేపితే ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోతాయి. ఇబ్బంది పోయిందంటే వాటిలోనే ఉందని తేలింది. నలభై ఉన్నాయనుకోండి, ఇరవై ఆపి ఇరవై ఉంచి చూడాలి. తప్పు ఏ సగంలో ఉంటే ఆ సగాన్ని మళ్లీ రెండు చేయాలి. ఐదారు రీస్టార్ట్‌లలో ఒక్కటి మిగులుతుంది. కాన్‌ఫ్లిక్ట్ క్యాచర్ అనే ప్రోగ్రాము ఈ సగం సగం వేటను తానే నడిపించేది. నేడు బ్రౌజరు మొరాయిస్తే ఎక్స్‌టెన్షన్లు సగం ఆపి చూడమని చెప్పే సలహా అచ్చంగా ఆ పద్ధతే. డెస్క్‌టాప్‌లో ఫైళ్ల బొమ్మలు చెదిరిపోతే కమాండ్, ఆప్షన్ నొక్కిపట్టి డెస్క్‌టాప్ ఫైలును మళ్లీ కట్టించేవారు. గడియారం, డిస్కు ఎంపిక వంటివి గజిబిజి అయితే కమాండ్-ఆప్షన్-పి-ఆర్ నొక్కి ఆ సెట్టింగులు దాచే పీర్యామ్‌ను చెరిపేవారు.

2001 మార్చి 24న వచ్చిన మ్యాక్ ఓఎస్ ఎక్స్, నెక్స్ట్ కంపెనీ నుంచి వచ్చిన యూనిక్స్ పునాది మీద కట్టిన వేరే సిస్టమ్. ఒక ప్రోగ్రాము కూలితే మిగతావి నిలబడతాయి. పాత ఎక్స్‌టెన్షన్ల యుగం అక్కడితో సరి.

విండోస్

విండోస్ 1985 నవంబరులో డాస్ మీద వేసిన పైపొరగా మొదలైంది. జనం నిజంగా పట్టించుకున్నది 1990లో వచ్చిన 3.0ని, 1992లో వచ్చిన 3.1ని. అప్పటి సెట్టింగులు విన్.ఐఎన్ఐ, సిస్టమ్.ఐఎన్ఐ వంటి టెక్స్ట్ ఫైళ్లలో ఉండేవి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 స్టార్ట్ బటన్‌ను, టాస్క్‌బార్‌ను, పొడవాటి ఫైలు పేర్లను ఇచ్చింది. సెట్టింగుల్ని రిజిస్ట్రీ అనే ఒక్క పెద్ద భాండాగారంలోకి మార్చింది. క్రమశిక్షణ వచ్చింది కానీ, మామూలు మనిషి చదవగలిగే వీలు పోయింది. ఒక్క ఫైలు చెడితే ఒక్క ప్రోగ్రాము ఆగే కాలం పోయి, రిజిస్ట్రీ చెడితే మొత్తం ఆగే కాలం వచ్చింది. నా దృష్టిలో విండోస్ చరిత్రలో వాడుకరి చేతిలోంచి పట్టు జారిన మొదటి ఘట్టం ఇదే.

విండోస్ 95లో ఒక లోపం ప్రసిద్ధం. యంత్రం లేచి ఎన్ని మిల్లీసెకన్లు అయిందో లెక్కపెట్టే 32 బిట్ల లెక్కపెట్టె 429,49,67,296 దగ్గర నిండి సున్నాకు తిరుగుతుంది. అంటే 49.7 రోజులు. ఆ క్షణాన విండోస్ 95, 98 బిగుసుకుపోతాయి. అన్ని రోజులు ఆపకుండా ఆ విండోస్‌ను నడిపినవారు అరుదు కాబట్టి లోపం ఏళ్ల తరబడి బయటపడలేదు.

ఇంకోవైపు 1993లో మొదలైన ఎన్‌టీ వరస గట్టి పునాది మీద వచ్చింది. విండోస్ 2000 దాని స్థిరపడిన రూపం. 2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీతో ఇల్లూ ఆఫీసూ ఒకే పునాది మీదికి చేరాయి. ఐబీఎంలో డేవిడ్ బ్రాడ్లీ రీస్టార్ట్ కోసం కల్పించిన కంట్రోల్-ఆల్ట్-డిలీట్ ఎన్‌టీలో లాగిన్ తాళంగా మారింది. 2007 నాటి విస్టాలో డ్రైవర్ల నియమాలు మారడంతో పాత ప్రింటర్లు, స్కానర్లు చాలా మూలనపడ్డాయి. ఆ దెబ్బలన్నీ అది తిన్నాక 2009లో వచ్చిన విండోస్ 7 హాయిగా నడిచింది. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేస్తే జనం క్లాసిక్ షెల్ వేసుకుని పాత మెనూ తెచ్చుకున్నారు, మరుసటేడు 8.1లో బటన్ తిరిగొచ్చింది. వాడుకరుల అలవాటును తక్కువ అంచనా వేయకూడదని మైక్రోసాఫ్ట్ అప్పుడు నేర్చుకుంది అనుకోవచ్చు గానీ, విండోస్ 11 విడుదలైనప్పుడు టాస్క్‌బార్‌ను తెర పక్కకు జరిపే వీలు మళ్లీ పోయింది.

నీలితెరల్లో 7బి నంబరుది దగ్గరగా చూడదగ్గ కథ. బూట్ డిస్కు అందలేదని దాని అర్థం. బాగా నడుస్తున్న విండోస్ 7 యంత్రం ఒకనాడు హఠాత్తుగా ఇలా ఆగిపోతుంది. డిస్కు పోయిందని, ఫార్మాట్ కొట్టాలని షాపులో చెబుతారు. చాలాసార్లు జరిగింది వేరు: మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి, బయాస్ సెట్టింగులు మొదటికొచ్చి, డిస్కుతో మాట్లాడే పద్ధతి అయిన సాటా మోడ్ ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకో, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకో మారింది. విండోస్ వేసిన నాటి మోడ్‌కు తగ్గ డ్రైవరునే అది లేచేటప్పుడు ఎక్కిస్తుంది కాబట్టి డిస్కు దానికి కనపడదు. బయాస్‌లోకి వెళ్లి పాత మోడ్ పెడితే యంత్రం ఏమీ జరగనట్టు లేస్తుంది. కొత్త మోడే కావాలనుకుంటే పాత మోడ్‌లో లేపి, రిజిస్ట్రీలో ఎంఎస్‌ఏహెచ్‌సీఐ డ్రైవర్ స్టార్ట్ విలువను 0 చేసి, అప్పుడు మార్చాలి. అరగంట పనికి నాలుగేళ్ల ఫైళ్లు పోగొట్టుకోవడం అన్యాయం.

ఫార్మాట్ గురించి ఇంకో మాట. మన షాపుల్లో డిస్కును సి, డి, ఇ అని విడగొట్టి ఇవ్వడం ఆనవాయితీ. సి ఫార్మాట్ కొట్టినా డిలోని ఫైళ్లు భద్రం, అది మంచి అలవాటే. కానీ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్ ఫోల్డరులోనివి ఉండేది సి డ్రైవులోనే. పెళ్లి ఫోటోలు ఎక్కువగా పోయేది అక్కడే. ఏ మరమ్మతుకైనా ముందు ఆ రెండు చోట్లనూ వేరే డిస్కులోకి కాపీ చేయాలి.

విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల అలవాటుగా నమ్మే ఒక చిట్కా తలకిందులైంది. షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నెల్ నిజంగా ఆగదు, దాని స్థితి డిస్కు మీద దాచిపెట్టి మళ్లీ తెస్తారు. కాబట్టి ఆపి వేసినా మొండి సమస్య అలాగే ఉంటుంది. రీస్టార్ట్ మాత్రం మొదటి నుంచి లేపుతుంది. పాత ఎఫ్8 కూడా దాదాపు పనిచేయదు, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే రికవరీ తెర వస్తుంది. సిస్టమ్ ఫైళ్లు చెడ్డాయన్న అనుమానం ఉంటే ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్లు నడపాలి. ఎస్ఎఫ్‌సీ మంచి కాపీలు తెచ్చుకునే గోదామును డిస్మ్ ముందు బాగుచేస్తుంది.

తగిలించినవాటి వల్లే పేచీ అన్నమాటకు 2024 జులై 19 అతిపెద్ద సాక్ష్యం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్ ఫైలు, కెర్నెల్ స్థాయిలో నడిచే దాని డ్రైవరును కూల్చింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దగ్గర ఆగి, లేచి, మళ్లీ ఆగాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మందు ముప్పై ఏళ్ల నాటిదే: సేఫ్ మోడ్‌లో లేపడం, డ్రైవర్స్ ఫోల్డరులో ఆ సంస్థ పేరుతో ఉన్న చోటికి వెళ్లడం, 291 అంకె ఉన్న ఫైలును తుడిచేయడం, రీస్టార్ట్. దాన్ని దూరం నుంచి చేయలేకపోయిన చోటల్లా ఒక మనిషి యంత్రం దగ్గరికి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

తెర మీద తెలుగు

తెలుగువారికి ఓఎస్‌ను మలుచుకోవడమంటే మొదట దాని చేత తెలుగు రాయించడమే. సీడాక్ జిస్ట్ కార్డులు, ఇస్కీ సంకేతాలు తొలి అడుగులు. ప్రింటింగ్ రంగంలో నిలదొక్కుకున్నవి అను ఫాంట్లు. ఇవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చినవి. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. వీటితో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరుకు 7.0 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. పుస్తకాలు, పెళ్లి పత్రికలు కూర్చే ఎన్నో డీటీపీ సెంటర్లలో ఎక్స్‌పీ యంత్రాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది ఈ జోడీ కోసమే. దాన్ని వెనకబాటు అనడం సరికాదు. ఇరవై ఏళ్ల పుస్తకాల ఫైళ్లు అందులో ఉన్నాయి, వాటిని తెరవగలిగేది అదే.

యూనికోడ్ 1991లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపగలిగినా, ఇక్కడ ఒక చిక్కు ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ కింద సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ అందించాలి. అలా చేయకపోతే వత్తులు విడిపోయి, పొల్లుతో అక్షరాలు విడివిడిగా పడేవి. తొలినాళ్లలో నెట్‌లో తెలుగు చదవాలనుకున్నవారందరూ ఒకరికొకరు చెప్పుకున్న మరమ్మతు ఇది. పోతన2000, వేమన2000 ఫాంట్లు అప్పుడు పెద్ద ఆసరా. విస్టా నుంచి ఏమీ చేయకుండానే తెలుగు సరిగా కనిపిస్తోంది, విండోస్ 8తో నిర్మల యూఐ ఫాంటు కూడా వచ్చింది.

సరిగా కనిపించడం వెనుక ఎంత పని ఉందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, తర్వాత దీర్ఘం వరసగా వస్తే ఐఫోన్లలోనూ మ్యాక్‌ఓఎస్ హై సియెరాలోనూ ఆ అక్షరాన్ని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయేది. వార్తలు దాన్ని తెలుగు అక్షరం చేసిన నష్టంగా రాశాయి. తప్పు అక్షరానిది కాదు, అక్షరాలను పేర్చే యాపిల్ కోడుది. దేవనాగరి, బెంగాలీల్లో కూడా అలాంటి వరసలు అదే పని చేశాయి. ఫిబ్రవరి 19న యాపిల్ సరిదిద్దింది.

లినక్స్

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లతో కలిసి పూర్తి సిస్టమ్ అయింది. డెబియన్, ఫెడోరా, 2004లో మొదలైన ఉబుంటు, దాని మీద కట్టిన మింట్ వంటివి దాని పంపిణీలు. మన దేశంలో సీడాక్ బాస్ లినక్స్‌ను తయారుచేసింది, తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కోసం పనిచేసింది.

మలుచుకునే స్వేచ్ఛ ఇక్కడ అందరికన్నా ఎక్కువ. డెస్క్‌టాపే నచ్చకపోతే కేడీఈ, గ్నోమ్, ఎక్స్ఎఫ్‌సీఈలలో ఒకటి తీసి ఇంకొకటి వేసుకోవచ్చు. 2011లో గ్నోమ్ 3 రూపం నచ్చనివారు మాటే, సినమన్ అనే కొత్త డెస్క్‌టాప్‌లనే పుట్టించారు. సెట్టింగులు చాలావరకు ఇప్పటికీ టెక్స్ట్ ఫైళ్లలోనే ఉన్నాయి. విండోస్ 95 వదిలేసిన ఆ సుగుణం లినక్స్ నిలుపుకుంది.

మరమ్మతులో దాని మేలు ఎలా తెలుస్తుందో ఒక ఉదాహరణ. రెండో హార్డ్‌డిస్కు ఉన్న యంత్రంలోంచి దాన్ని పీకేశారు. మర్నాడు లినక్స్ లేవదు. ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తున్నట్టు తెర మీద ఒక లైను, పక్కన ఒకటిన్నర నిమిషం లెక్క. అది అయ్యాక ఎమర్జెన్సీ మోడ్. కారణం ఈటీసీ ఫోల్డరులోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు: లేవగానే ఏయే డిస్కులు తగిలించాలో అందులో రాసి ఉంటుంది, లేని డిస్కు పేరు ఇంకా అక్కడే ఉంది. నానో ఎడిటరులో ఫైలు తెరిచి ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే సరి. అప్పుడప్పుడు తగిలించే డిస్కు అయితే నోఫెయిల్ అన్న మాట చేర్చాలి. సిస్టమ్ తనకేం కావాలో చెప్పింది, ఎక్కడ రాసుందో మనం చదవగలిగాం. అసలు లేవకపోతే లినక్స్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్ అయిన లైవ్ యూఎస్‌బీతో లేపి, డిస్కును తగిలించి, అదే ఫైలును బయటి నుంచి దిద్దవచ్చు. లైవ్ యూఎస్‌బీ విండోస్ వాడేవారి దగ్గర కూడా ఉండాల్సిన వస్తువు. పడిపోయిన విండోస్‌లోంచి ఫైళ్లు బయటికి తీయడానికి అంత తేలిక సాధనం ఇంకొకటి లేదు.

విండోస్, లినక్స్ రెండూ ఒకే యంత్రంలో పెట్టుకున్నవారిని భారతదేశంలో ఒక విచిత్రం పలకరిస్తుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయాన్ని రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుని చదువుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుతో స్థానిక సమయం రాయమనవచ్చు, లేదా విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ విలువ పెట్టవచ్చు. ఒకదాన్నే చేయాలి. విండోస్ డ్రైవులు లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి తెరుచుకోకపోతే, నేరం చాలాసార్లు మళ్లీ ఫాస్ట్ స్టార్టప్‌దే.

పాతవాటిని బతికించుకోవడం

ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. మద్దతు పోయిన సిస్టమ్ ఆ రోజే ఆగిపోదు, అప్‌డేట్లు ఆగుతాయి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి ఆ తేడాను చూపింది. దానికి మందు మార్చిలోనే వచ్చినా వేసుకోని విండోస్ 7 యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి. గడువు తీరిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చింది.

పాత ఎక్స్‌పీ అవసరమైన చోట రెండు పద్ధతులు. ఒకటి, యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీసి ఆ పనికి మాత్రమే వాడటం. రెండోది, వర్చువల్‌బాక్స్ వంటి దానిలో కొత్త యంత్రం లోపల పాత సిస్టమ్‌ను నడపడం. రెండోది మేలు, ఎందుకంటే మొత్తం ఎక్స్‌పీ ఒక ఫైలైపోతుంది, దాన్ని కాపీ చేసి దాచుకోవచ్చు. పారలల్ పోర్టు డాంగిల్ అడిగే సాఫ్ట్‌వేరుకు మాత్రం ఇది కుదరడం కష్టం. డాస్ ఆటలకు డాస్‌బాక్స్, అసలు యంత్రం మీద డాస్ కావాలంటే 1994లో మొదలై నేటికీ నడుస్తున్న ఫ్రీడాస్ ఉన్నాయి. పాత యంత్రంలో బ్రౌజరు ప్రతి సైటూ సురక్షితం కాదంటే ముందు తేదీ చూడాలి. బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తే సర్టిఫికెట్లన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. సీఆర్2032 బ్యాటరీ మారిస్తే పోతుంది.

మూసుకుంటున్న తలుపులు

కొత్త సిస్టమ్‌లు తగిలింపుల బెడదను వేరే విధంగా ఎదుర్కొంటున్నాయి. 64 బిట్ల విస్టా నుంచి సంతకం లేని కెర్నెల్ డ్రైవర్లు ఎక్కవు. 2015 నాటి ఎల్ కాపిటాన్ నుంచి మ్యాక్‌లో రూట్ అధికారం ఉన్నవారు కూడా సిస్టమ్ ఫోల్డర్లను ముట్టుకోలేరు, 2020 నాటి బిగ్ సర్ ఆ డిస్కు భాగానికే ముద్ర వేసేసింది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది. దీనివల్ల బాగా నడిచే యంత్రాలెన్నో అర్హత కోల్పోయాయి. ఫెడోరా సిల్వర్‌బ్లూలో మూల సిస్టమ్ మొత్తం చదవడానికే గానీ మార్చడానికి కాదు. అప్‌డేట్ చెడితే బూట్ మెనూలో నిన్నటి రూపాన్ని ఎంచుకుని వెనక్కి వెళ్లవచ్చు. ఈ చివరిది నాకు న్యాయంగా తోస్తుంది: తలుపు మూసినా తాళంచెవి యజమానికే ఇచ్చింది.

మిగతావాటిలో తాళంచెవి ఎక్కడుందో యజమానికి తెలియకపోవడమే నేటి మరమ్మతుల్లో అసలు ఇబ్బంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగినైతే చాలా యంత్రాల్లో డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఏ తేడా తెలియదు. మదర్‌బోర్డు మార్చినా, బయాస్ అప్‌డేట్ చేసినా, ఒక్కోసారి సేఫ్ మోడ్‌కు వెళ్లబోయినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు పీకి వేరే యంత్రానికి తగిలించే పాత ఉపాయం, లైవ్ యూఎస్‌బీ ఉపాయం రెండూ పనికిరావు. క్రౌడ్‌స్ట్రైక్ రోజున ఎన్నో ఆఫీసుల్లో ఫైలు తుడవడానికి నిమిషం పడితే, కీ వెతకడానికి గంటలు పట్టింది. యంత్రం బాగున్నప్పుడే సెట్టింగుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, ఉంటే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ 48 అంకెలను కాగితం మీద రాసి, ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరే చోట దాచాలి.